నేలకొండపల్లి గోపన్న, పాలెస్త్రీనా జొవాన్ని

రామదాసు కీర్తనల్లో ఒకటి అచ్చంగా జమాఖర్చుల చిట్టా. ప్రాకారానికి ఇంత పట్టింది, భరతుడి పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకు ఇంత, లక్ష్మణుడి ముత్యాల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని దేవుడి ముందు పద్దులు చదువుతాడు. చిన్నప్పటి నుంచీ వింటున్న పాటే కాబట్టి మనం ఒక సంగతి పట్టించుకోం. ఈసారి గుమాస్తా చెవితో వినండి. దేని ఖరీదు చూసినా పదివేలే. గోడకూ పదివేలే, మొలతాడుకూ పదివేలే!

పరగణా మొత్తం శిస్తు వసూలు చేసిన తహసీలుదారుకు గోడ ఖర్చు, నగ ఖర్చు ఒకటి కావని తెలియదా? తెలుసు. కానీ ఆయన అక్కడ దస్త్రం రాయడం లేదు, దెప్పుతున్నాడు. చరణం చివర ప్రతిసారీ అదే సంఖ్య వచ్చి పడుతుంటే దెబ్బ మీద దెబ్బ తగిలినట్టు ఉంటుంది. సర్కారు సొమ్ము ఆరు లక్షల వరహాలు గుడికి ఖర్చు పెట్టాడని కథ. ఈ ధరల ప్రకారం అరవై పద్దులు చదవాలి. ఆయన అయిదారు పద్దులతో ఆపేసి తగాదాలోకి దిగాడు. ఈ నగలు నీకు మీ నాన్న చేయించాడా, మీ మామ పంపాడా అని నిలదీసేదాకా వెళ్లాడు.

ఈ లెక్కల మనిషి పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి. ఇవాళ ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. 1953 అక్టోబరు 1న ఖమ్మం వేరే జిల్లా అయ్యేదాకా ఆ ఊరు మన వరంగల్లు జిల్లాదే. ఆయన కట్టించిన గుడి ఉన్న భద్రాచలమేమో 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. అంటే మన తాతల కాలంలో రామదాసు పుట్టిన ఊరు నిజాం రాజ్యంలో, గుడి ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధానిలో. అయినా శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు హైదరాబాదు నుంచి వెళ్తూనే ఉండేవి. గోల్కొండ సుల్తాను తానీషా మొదలుపెట్టాడని చెప్పుకునే ఆ మర్యాదను నిజాములు సాగించారు, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సాగిస్తోంది.

గోపన్న గురించి చెప్పేటప్పుడు ఇవాళ ఇంకొకాయన్ని ఆయన పక్కన కూర్చోబెట్టాలనిపించింది. ఆయన ఇటలీవాడు, గోపన్న కంటే దాదాపు నూరేళ్లు ముందువాడు. పేరు జొవాన్ని పియెర్లుయీజి. లోకమంతా ఆయన్ని ఊరి పేరుతోనే పిలుస్తుంది, పాలెస్త్రీనా అని. కథోలిక చర్చి కోసం సంగీతం రాసినవాళ్లలో ఇంతటి పేరు మరొకరికి రాలేదు. 1525 ప్రాంతంలో పుట్టాడు, 1594 ఫిబ్రవరి 2న రోములో పోయాడు.

ఇటలీ వరంగల్లుకు మరీ పరాయి దేశమేమీ కాదు. 1952 చివర్లో వరంగల్లు మేత్రాసనం ఏర్పడినప్పుడు మొదటి మేత్రాణులుగా, అంటే బిషపుగా, వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా ఇటలీవారే, మిలాను మిషను గురువు. ఆ రోజుల్లో తెలుగు నేల మీద కూడా దివ్యబలిపూజ లాటిను భాషలోనే జరిగేది. ఆ లాటిను మాటలకే పాలెస్త్రీనా జీవితమంతా స్వరాలు కట్టాడు.

ఒకరు రోములో, ఒకరు గోదావరి ఒడ్డున. ఒకరికి పోపు, ఒకరికి గోల్కొండ సుల్తాను. వీళ్లిద్దరినీ భక్తులని, మహానుభావులని దండాలు పెట్టి వదిలేస్తే ఒక ముఖ్యమైన విషయం మరుగున పడిపోతుంది. ఇద్దరూ ఉద్యోగులు. పైవాడి దయతో కొలువు సంపాదించి, పైవాడు మారడం వల్లనో పైవాడికి కోపం రావడం వల్లనో అది పోగొట్టుకున్నవాళ్లు.

పాలెస్త్రీనా సంగతి ముందు చూద్దాం. చిన్నతనంలో రోములోని సాంతా మరియా మజ్జోరె అనే పెద్ద గుడి గాయక బృందంలో పాడాడు. 1544లో సొంత ఊరి ప్రధాన దేవాలయంలో కొలువు దొరికింది. పండగ రోజుల్లో ఆర్గను వాయించాలి, రోజువారీ ప్రార్థనల్లో పాడాలి, అక్కడి గురువులకూ పిల్లలకూ సంగీతం చెప్పాలి. ఊళ్లోనే 1547లో లుక్రేజియా గోరి అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇంతవరకు చిన్న ఊరి పాటల పంతులు బతుకు. ఆ ఊరికి అప్పుడు మేత్రాణులుగా ఉన్నాయన 1550లో పోపు అయ్యాడు, మూడో జూలియసు అనే పేరుతో. మరుసటి ఏడే మన పంతులుగారికి రోములో సంత పేతురు దేవాలయం నుంచి పిలుపు వచ్చింది. 1554లో ఆయన తన మొదటి పూజాగీతాల పుస్తకం అచ్చు వేసి ఆ పోపుకే అంకితమిచ్చాడు. పుస్తకం మొదట్లో బొమ్మ ఉంటుంది: పోపు సింహాసనం మీద కూర్చుని ఉంటే పాలెస్త్రీనా మోకాళ్ల మీద కూర్చుని పుస్తకం చేతికి అందిస్తూ ఉంటాడు. 1555 జనవరిలో పోపు సొంత గాయక బృందంలో, అంటే సిస్టీన్ చాపెల్‌లో, చోటిచ్చాడు. పరీక్ష లేదు, అక్కడి పాటగాళ్ల సమ్మతీ అడగలేదు. వాళ్ల దినచర్య పుస్తకంలో ఆ సంగతి గుర్రుగా రాసి పెట్టుకున్నారు.

ఇక గోపన్న. అక్కన్న, మాదన్న ఆయనకు మేనమామలని మన సంప్రదాయం. అబుల్ హసన్ కుతుబ్‌షా, అదే మన తానీషా, 1672లో గోల్కొండ గద్దె ఎక్కాక రెండేళ్లలోనే మాదన్న చేతికి రాజ్యం పగ్గాలు వచ్చాయి. ఆ అన్నదమ్ములది మన హనుమకొండేనని చెబుతారు. మేనమామ చలవతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలు దొరికింది. ఆ పరగణాలోనే భద్రగిరి. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ కనుక్కుని పందిరి కింద పూజించిన విగ్రహాలు అక్కడే ఉన్నాయి. గోపన్న గుడి కట్టించాడు.

అక్కడ ఊరి బిషపు, ఇక్కడ మేనమామ. సిఫారసు లేకపోతే ఇద్దరిలో ఎవరికీ ఆ కొలువు రాదు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. సిఫారసుతో వచ్చినవాళ్లందరూ పనికిమాలినవాళ్లే అనుకుంటే చరిత్రలో చాలా గుడులు, చాలా పాటలు కొట్టేయాల్సి వస్తుంది.

ఉద్యోగాలు పోవడమూ అంతే నాటకీయంగా జరిగింది. 1555 మార్చిలో జూలియసు పోపు చనిపోయాడు. తర్వాత వచ్చిన మర్సెల్లుసు ఇరవై రెండు రోజులే ఉన్నాడు. ఆ తర్వాతి నాలుగో పౌలు మహా కఠినుడు. పెళ్లయినవాళ్లు నా బృందంలో ఉండకూడదన్నాడు. సెప్టెంబరులో ముగ్గురు పాటగాళ్లకు ఉద్వాసన, అందులో పాలెస్త్రీనా ఒకడు. చిన్న పింఛను ఇచ్చి పంపారు. మంచం పట్టాడు. తేరుకుని వేరే దేవాలయాల్లో పనిచేసి 1571లో మళ్లీ సంత పేతురు గుడికే వచ్చాడు. ఆ దశాబ్దంలో మహమ్మారులు ఆయన ఇంటిని ఊడ్చేశాయి. తమ్ముడు, ఇద్దరు కొడుకులు పోయారు. 1580లో భార్య పోయింది. సన్యాసం పుచ్చుకుని గురువు కావాలనుకున్నాడు, తొలి దీక్ష కూడా తీసుకున్నాడు. అంతలో ఏడాది తిరక్కముందే బొచ్చుతోళ్ల వ్యాపారి వితంతువును పెళ్లాడి, ఆ వ్యాపారం చక్కగా నడిపాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. దైవసంగీత మహర్షి తోళ్ల బేరం ఆడుతున్నాడంటే, ఇంటి ఖర్చులు తెలిసిన మనిషన్నమాట.

గోపన్న శిక్ష మనకందరికీ తెలుసు. గోల్కొండ కోటలో ఆయన చెర అని చూపించే గది ఉంది, గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు చెక్కి ఉంటారు. పన్నెండేళ్లు అక్కడ ఉన్నాడంటారు. ఇక్కడ కొంచెం లెక్క చూసుకోవాలి. తానీషా గద్దె ఎక్కింది 1672, ఔరంగజేబు గోల్కొండ పట్టుకుంది 1687. మొత్తం పదిహేనేళ్లు. పన్నెండు చెరకు పోతే మిగిలేది మూడు. ఆ మూడేళ్లలోనే తహసీలు రావాలి, శిస్తు వసూలు కావాలి, గుడి లేవాలి, నగలు కావాలి, ఫిర్యాదు గోల్కొండ చేరాలి. చెర కాలం కథలో కొంత పెరిగి ఉంటుందని నా అనుమానం. అయితే కథకు పన్నెండు కావాలి. పాండవుల అరణ్యవాసం గుర్తున్న జనానికి మూడేళ్ల శిక్ష ఆనదు.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. కష్టం వచ్చినప్పుడు ఇద్దరూ అర్జీ పెట్టుకున్నారు. ఎక్కడ పెట్టుకున్నారన్నదే తేడా.

పాలెస్త్రీనా 1588లో విలాప గీతాల పుస్తకం ఒకటి అచ్చు వేశాడు. దాన్ని అయిదో సిక్స్‌టసు పోపుకు అంకితమిస్తూ ముందుమాటలో తన గోడు వెళ్లబోసుకున్నాడు. డబ్బు చాలని చింత కళకు పరమ శత్రువని, తనకు ఆ చింత ఎప్పుడూ తప్పలేదని దాని సారాంశం. ముందుమాట పేజీ తిప్పి పాటలోకి వెళ్తే ఆ గోడు జాడ కూడా ఉండదు. ఉండదు, ఎందుకంటే మన లెక్కలో ఆయన వాగ్గేయకారుడు కాడు. గేయం ఆయనది, వాక్కు చర్చిది. దివ్యబలిపూజలో పాడే మాటలు ఎప్పుడో స్థిరపడిపోయాయి. అవే అయిదు భాగాలు, అవే లాటిను మాటలు. వాటికే ఆయన నూటికి పైగా పూజాగీతాలు కట్టాడు. అవి కాక మూడువందలకు పైగా ఇతర ప్రార్థనాగీతాలు. భార్య పోయిన ఏడు రాసినదీ, తోళ్ల వ్యాపారం బాగా సాగిన ఏడు రాసినదీ పక్కపక్కన పెట్టి వింటే ఏది ఏదో చెప్పడం మనవల్ల కాదు.

గోపన్నకు ముందుమాట రాసుకునే వీలు లేదు. అచ్చు లేదు, అంకితం అందుకునే పోపు లేడు. తానీషాకు చెప్పుకుని లాభం లేదు. అందుకని అర్జీ మొత్తం పాటలోనే పెట్టాడు. ఆ అర్జీలు చదివితే కచేరీ వ్యవహారం కొట్టిన పిండి అయిన మనిషి కనిపిస్తాడు. మొదట మర్యాదగా వేడుకుంటాడు. పలకవేమని నిష్ఠూరమాడతాడు. చేసిన సేవ ఏకరువు పెడతాడు. ఫలితం లేకపోతే గొంతు పెంచుతాడు. తర్వాత తప్పయిందని కాళ్ల మీద పడతాడు, దెబ్బలకు తాళలేక అన్నానని చెప్పుకుంటాడు. ఇవేవీ పనిచేయకపోతే దారి మారుస్తాడు. అయ్యగారి దగ్గర పని కాకపోతే అమ్మగారి దగ్గరకు వెళ్లాలని ఏ తహసీలు కచేరీలోనైనా బంట్రోతు చెబుతాడు. గోపన్న సీతమ్మ దగ్గరకు వెళ్లాడు. నువ్వు ఒక మాట చెప్పమ్మా, ఏకాంతంగా ఉన్నప్పుడు చెప్పమ్మా అన్నాడు. ఇంత ఇంగితం ఉన్న అర్జీ నేనెక్కడా చూడలేదు. సిఫారసుతో ఉద్యోగం వచ్చినవాడు సిఫారసుతోనే విడుదల కోరుకున్నాడు.

ఈ పద్ధతిని ఆయన తర్వాతివాళ్లు గుర్తుపట్టారు. త్యాగరాజు దేవగాంధారి కీర్తనలో రామదాసు బంధాన్ని విడిపించిన సంగతి తలుచుకున్నాడు, నాకూ అంతే చెయ్యరాదా అన్న ధోరణిలో. అంటే రామదాసు విడుదల అప్పటికే ఒక పూర్వోదాహరణ అయిపోయింది. వకీళ్లు పాత తీర్పు చూపించినట్టే.

ఇద్దరి ఊళ్ల మాటకొద్దాం. రోముకు తూర్పున ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో కొండవాలు మీద పాలెస్త్రీనా ఉంది. పాత పేరు ప్రెనెస్తె. అక్కడ క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో అదృష్టదేవత ఫోర్తూనాకు కొండంతా మెట్లు మెట్లుగా పెద్ద గుడి కట్టారు. భవిష్యత్తు తెలుసుకోవడానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవారు. ఓక్ చెక్క ముక్కల మీద అక్షరాలు చెక్కి ఉండేవి, ఒక చిన్న పిల్లవాడు అందులోంచి ఒకటి తీసి ఇచ్చేవాడు. మన చిలక జోస్యమే, చిలక స్థానంలో పిల్లవాడు. క్రైస్తవం వచ్చాక ఆ గుడి మూతపడింది, దాని మెట్ల మీదే ఇళ్లు వెలిశాయి. పోపులతో తగాదా పడిన కొలొన్నా వంశం వాళ్ల ఊరు కావడంతో రెండుసార్లు నేలమట్టమైంది. పాలెస్త్రీనా కొలువు చేసిన దేవాలయం కూడా పాత రోమను కట్టడం మీదే నిలబడింది. 1944లో యుద్ధ విమానాలు బాంబులు వేస్తే ఇళ్లు కూలి, వాటి కింద నుంచి రెండు వేల ఏళ్ల నాటి గుడి మెట్లు బయటపడ్డాయి. ఆ ఇళ్లను మళ్లీ అక్కడ కట్టలేదు. కొండ పైనున్న పాత జమీందారీ భవనం 1956 నుంచి మ్యూజియం. నైలు నది మొత్తాన్ని, మొసళ్లు నీటిగుర్రాలతో సహా, రంగురాళ్లతో పరిచిన నేల చిత్రం అందులో ఉంది.

నేలకొండపల్లికీ ఇలాంటి పునాదే. ఊరి దగ్గర మట్టికోట ఆనవాళ్లు, దిబ్బలు. తవ్వితే విహారాల పునాదులు, నీటి తొట్లు, బావులు, మహాస్తూపం, కంచు బుద్ధుడు, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపం దొరికాయి. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల నాటివి. ఊరివాళ్లు మాత్రం ఆ దిబ్బలకు భారతం నుంచి పేర్లు తెచ్చారు. విరాటరాజు కొలువు ఇదేనని, భీముడు కీచకుణ్ణి చంపింది ఇక్కడేనని చెబుతారు. గోపన్న చిన్నప్పుడు ఆ దిబ్బల మీద ఆడుకుని ఉంటే, ఆయనకు అవి పాండవుల అజ్ఞాతవాసం దిబ్బలే, బుద్ధుడివి కావు. పురావస్తు శాఖవాళ్లు స్తూపం బయటపెట్టినా విరాటరాజు పేరు పోలేదు. రెండూ పక్కపక్కన బతుకుతున్నాయి, మంచిదే.

వరంగల్లు నుంచి వెళ్లేవాళ్లు ఖమ్మం దాకా వెళ్లి అక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణిస్తే చాలు. దగ్గర్లోనే కూసుమంచిలో కాకతీయుల నాటి శివాలయం ఉంది, దాన్నీ చూడండి. నేలకొండపల్లిలో రామదాసు ధ్యానమందిరం ఉంది. ఈ వైపు మెట్ట పొలాలకు పాలేరు నీళ్లు ఎత్తిపోసే పథకానికి భక్త రామదాసు పేరు పెట్టారు. శిస్తు వసూలు చేసిన మనిషి పేరు రైతుకు నీళ్లిచ్చే పథకానికి పెట్టడం నాకు నచ్చింది.

ఇద్దరి జీవితాలనూ ఒక్కొక్క పెద్ద కథ మింగేసింది. గోపన్నది మీకు తెలుసు, రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు పైకం చెల్లించిన కథ. పాలెస్త్రీనా కథ ఇలా ఉంటుంది. త్రెంతు మహాసభలో పెద్దలు చర్చి సంగీతం మీద మండిపడ్డారు. గొంతు మీద గొంతు పడి పవిత్ర వాక్యం ఒక్క ముక్క వినపడటం లేదు, దీన్ని నిషేధిద్దామన్నారు. అప్పుడు పాలెస్త్రీనా మర్సెల్లుసు పోపు పేరుతో ఒక పూజాగీతం కట్టి వినిపించాడు. అన్ని గొంతులున్నా మాట స్పష్టంగా వినిపించింది, నిషేధం ఆగిపోయింది. గీతం నిజం, 1567లో అచ్చయింది. అందులో మాట స్పష్టంగా వినపడటమూ నిజం. నిషేధం ఆపిందన్న కథ మాత్రం ఆయన పోయిన పదమూడేళ్లకు, 1607లో మొదటిసారి పుస్తకంలోకి ఎక్కింది. ఒకచోట సంగీతాన్ని పాట విడిపించింది, ఇంకోచోట పాటగాణ్ణి దేవుడు విడిపించాడు.

గొంతు మీద గొంతు అన్నాను కదా. భజనలో ఒకరు పాడితే అది ముగిశాక అందరూ కలిసి అందుకుంటారు. పాలెస్త్రీనా పద్ధతిలో మొదటి గొంతు సగంలో ఉండగానే రెండోది అదే పలుకు వేరే స్థాయిలో ఎత్తుకుంటుంది, దాని మీద మూడోది, నాలుగోది. వాద్యాలు లేకుండా నాలుగో ఆరో దారులు ఒకేసారి నడుస్తాయి, ఒకటి ఇంకొకదాన్ని తొక్కదు. గొంతు ఒక్కసారిగా పైకి ఎగిరితే తర్వాత మెల్లగా కిందికి మెట్లు దిగాలి. ఈ నడకలోంచి సూత్రాలు తీసి 1725లో ఫుక్సు అనే వియన్నా పండితుడు పాఠ్యపుస్తకం రాశాడు, గురువు పాత్రకు పాలెస్త్రీనానే మనసులో పెట్టుకుని. హైడన్, బేతోవెన్ ఆ పుస్తకంతోనే చదువుకున్నారు. ఆయన కట్టిన ప్రతి స్వరం కాగితం మీద ఉంది కాబట్టి ఇది సాధ్యమైంది.

1960లలో రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ ఎవరి భాషలో వారికి వచ్చింది. మన చర్చిల్లోకి తెలుగు పాట, హార్మోనియం, తబలా వచ్చాయి. పాలెస్త్రీనా లాటిను గీతాలు చాలావరకు కచేరీ సభలకూ రికార్డులకూ తరలిపోయాయి. స్వరమంతా భద్రంగా ఉంది, పాడే గుడులే తగ్గాయి. గోపన్నకు ఇది తలకిందులు. పాడే నోళ్లకు కొదవ లేదు. భద్రాచలంలో ఏటా ఆయన పేరు మీద వాగ్గేయకారుల ఉత్సవం జరుగుతుంది, నవరత్న కీర్తనలని తొమ్మిదింటిని బృందంగా పాడతారు. ఊళ్లలో భజన మండళ్లు సరేసరి. కానీ ఆయన చెరలో ఏ వరసలో పాడాడో రాసి పెట్టినవాళ్లు లేరు. మాట నిలిచింది, వరస నోటి నుంచి నోటికి మారుతూ వచ్చింది.

ఇందులో రేడియో పాత్ర ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన కాలంలో పొద్దున్నే భక్తిరంజని మొదలైంది. రామదాసు కీర్తనలు కొన్నింటికి పాత వరసలు ఉంచి, కొన్నింటికి తానే కొత్తగా కట్టి పాడారు. తర్వాత రికార్డులొచ్చాయి. అంతకుముందు 1964లో నాగయ్యగారి రామదాసు సినిమా, ఆ తర్వాత 2006లో ఇంకో సినిమా వచ్చాయి గానీ, తెలుగిళ్లలో రామదాసు వరస అంటే ఎక్కువమందికి బాలమురళి వరసే. మన అమ్మమ్మలు పూజగదిలో కూనిరాగం తీసే పాట పదిహేడో శతాబ్దపు గోల్కొండదని మనం అనుకుంటాం. అందులో మాట గోల్కొండదే. వరసలో మాత్రం చాలా భాగం విజయవాడలో ఒక మైకు ముందు పుట్టింది.